పల్లేరు కాయల మైదానం

నిన్న మనవరాలు బూట్లతోనే ఇంట్లోకి రాబోతే గుమ్మంలో ఆపేశాను. "తిట్టకు అమ్మమ్మా, గేమ్స్ పీరియడ్‌లో ఏదో గుచ్చుకుంది, ఊడి రావట్లేదు" అంది. చూస్తే పల్లేరు కాయ!

పామర్రు బడిలో నాతో చదివినవాళ్ళారా, మన డ్రిల్లు టీచరుగారు మీకు గుర్తున్నారా? మనకెవరికీ చెప్పులుండేవి కావు. ఖోఖోకి ముందు ఆవిడ తన చెప్పులు విడిచి, మైదానమంతా నడిచి పల్లేరు కాయలు ఏరేవారు.

"మీకు గుచ్చుకోవాండీ?"

"గుచ్చుకుంటేనేగా ఎక్కడున్నాయో తెలిసేది! నేను రమ్మనేదాకా గీత దాటారో, వీపు విమానం మోతే!"

ఆట అయ్యాక ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో ముళ్ళు తీయడానికి వంతుల కోసం కొట్టుకునేవాళ్ళం. నా వంతు వచ్చేలోపే గంట కొట్టేసేవారు.

నిన్న ఆ చిన్న బూటు ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసు అందుకున్నాను.