మా అత్తగారింటి బ్రోకలీ

ఆ రోజుల్లో రాజమండ్రిలో టై కట్టుకున్న కుర్రాడు కనిపిస్తే, అయితే పెళ్ళికొడుకైనా అయ్యుండాలి, లేదా మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ అయినా అయ్యుండాలి. ఆ మాఘమాసంలో నేను రెండూ అయ్యాను. ఇక నేల మీద కాలు ఆనుతుందా చెప్పండి! పైగా అంతకుముందే హైదరాబాదులో ట్రైనింగ్ అయివచ్చాను. వాళ్ళు ఇచ్చిన రంగుల పుస్తకంలో ఆకుపచ్చ కాలీఫ్లవర్‌లా ఉన్న ఒక బొమ్మ, దాని కింద బ్రోకలీ అన్న పేరు, పక్కన బోలెడు విటమిన్లు ఉన్నాయి. బ్రోకలీతో నా పరిచయం ఆ పేజీ వరకే.

మా అత్తగారిది ధవళేశ్వరం. మామగారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. నెమ్మదైన మనిషి, కొత్తగా షుగరు వచ్చి బెంగపడుతున్నారు. కొత్త అల్లుడిగా మొదటిసారి భోజనానికి కూర్చున్నప్పుడు, "బాబుగారూ, మీరు మందుల్లో ఉన్నారు కదండీ, మాబోటివాళ్ళం ఏం తింటే మంచిదంటారు?" అని అడిగారు. తెలీదంటే సరిపోయేది. "బ్రోకలీ తినాలండి. సి విటమిను, కె విటమిను, బోలెడంత పీచు. హైదరాబాదులో మేం రోజూ అదే తింటాం" అన్నాను. (ట్రైనింగులో మాకు రోజూ పెట్టింది సాంబారన్నం.) గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "ఎలా వండాలి బాబూ?" అన్నారు. "ఆవిరి మీద సగమే ఉడికించి, కాస్త వెల్లుల్లి, మిరియాల పొడి తగిలించాలండి. నీళ్ళు పోసి మెత్తగా ఉడకబెడితే సి విటమినంతా ఆ నీళ్ళపాలే" అన్నాను. అల్లుడికి సగం ఉడికిన కూర పెట్టడమా అని ఆవిడ ముఖం పాలిపోయింది.

మా వైపు కొత్త అల్లుడి నోట తినే వస్తువు పేరొస్తే అది మాట కింద జమ కాదు, కోరిక కింద జమ. పూతరేకులు అని ఉంటే ఆత్రేయపురం నుంచి సాయంత్రానికల్లా వచ్చేవి. నేనన్నది బ్రోకలీ! పాపం మామగారు హైదరాబాదులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, బస్సులో పార్సిల్ వేయించమన్నారు.

మళ్ళీ భోజనానికి పిలుపొచ్చింది. టై కట్టుకునే వెళ్ళాను. మామగారు నన్ను కూర్చోబెట్టి, "బాబుగారూ, ముందుగా ఒక మాటండీ..." అని ఏదో మొదలుపెట్టారు. ఈలోగా అత్తగారు కూర వడ్డించారు. పచ్చపచ్చటి పువ్వులు, అచ్చం బొమ్మలోని రంగే! ఇంక నేను ఆగుతానా? "చూశారా మావయ్యగారూ, బ్రోకలీ అంటే ఇదండి! బలమంతా ఆ ఆకుపచ్చలోనే ఉంది. అత్తయ్యగారు లెక్కగా సగమే ఉడికించారు. కాలీఫ్లవర్‌కీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా అండి!" అన్నాను. మా ఆవిడకి పొలమారింది. అత్తగారు గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయారు. మామగారు నా కంచం వంక కాసేపు చూసి, "నిజమేనండి, ఇన్నాళ్ళూ మాకు తెలీలేదు. ఏవే, అల్లుడుగారికి ఇంకాస్త వెయ్యి" అన్నారు. మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

తిరిగొస్తుంటే కాలవగట్టు మీద, బండి మీద వెనకాల కూర్చున్న మా ఆవిడ నవ్వుతూనే ఉంది. ఎందుకే అంటే, "అది కాలీఫ్లవరేనండీ బాబూ! అమ్మ కొత్తిమీర కారం పెట్టి వండింది. మీ బ్రోకలీ బస్టాండులోనే పసుపుపచ్చగా కుళ్ళి కంపు కొట్టింది. గేదెకి వేస్తే అది కూడా మొహం తిప్పేసుకుంది" అంది. మరి నాకు చెప్పొద్దా అని అరిచాను. "నాన్న చెప్పబోయారుగా, మీరు ఆగితేగా!" అంది. కాలవలో దూకేద్దామనిపించింది. (ఈత వచ్చు కాబట్టి ప్రయోజనం లేదు.) కొత్త అల్లుడికి ఉన్న ఆస్తల్లా పరువే. అది కాస్తా కొత్తిమీర కారంలో కలిసిపోయింది.

ఆ తర్వాత క్యాంపులని, మీటింగులని చాలారోజులు ధవళేశ్వరం ఛాయలకే పోలేదు. చివరికి మా ఆవిడే లాక్కుపోయింది. వీధి వీధంతా నవ్వుతుందనుకున్నాను. ఎవ్వరూ నవ్వలేదు. ఆ సంగతి మామగారు గుమ్మం దాటనివ్వలేదట. అరుగు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, గొంతు తగ్గించి, "బాబుగారూ, మీరు చెప్పిన ఆ విటమిన్లు కాలీఫ్లవర్‌లోనూ ఉంటాయాండి? ఆ రోజు నుంచీ అదే తింటున్నాను" అన్నారు. ఆయన ముఖంలో రోగి ఆశే తప్ప వెటకారం లేదు. ఉపన్యాసం గొంతు దాకా వచ్చింది, మింగేశాను. "నాకు తెలీదండి మావయ్యగారూ. నేనసలు బ్రోకలీని చూడనే లేదండి" అన్నాను.

ఆయన నా వంక చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వుతోనే లోపలికి కేకేశారు: "ఏవేవ్, ఇవాళ హడావిడేం పెట్టుకోకు! పప్పుచారు చాలు, మనవాడే!"

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. బ్రోకలీ ఇప్పుడు మా వీధి చివరి కొట్లోనే దొరుకుతోంది. దాన్ని చూసినప్పుడల్లా టై కట్టుకున్న ఆనాటి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అరుగు మీద ఆయన పక్కన కూర్చునే అదృష్టం ఇంకా వాడికే ఉందని, నవ్వుతూనే కాస్త కుళ్ళుకుంటాను.