మగ్గాలు ఆగిన శనివారం

నిన్న పొద్దున డ్యూటీకి రెడీ అవుతుంటే ఫోన్ వచ్చింది. హేమక్క ఇంక లేదు అన్నారు.

ఏ హేమ అని అడిగాను. నాకు తెలిసిన హేమ ఒక్కతే అయినా.

డెంగీ జ్వరం. తిరుపతిలో ఆసుపత్రిలో ఉంది. తగ్గుతోంది, సోమవారానికి ఇంటికి వచ్చేస్తుంది అనుకున్నాం.

మొన్న సాయంత్రం కూడా వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఈడ ఇడ్లీ రుచీ పచీ లేకుండా ఉండాది మే. అయినా తిన్నాను. నువ్వు తిన్నావా?"

అదే ఆఖరి మాట.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. హేమక్కది నగరిలో పవర్‌లూమ్ ఇల్లు. శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో మా ఇద్దరిదీ ఒకే కంపెనీ, కంపెనీ బస్సులో పక్కపక్క సీట్లు. జబ్బు కూడా ఒకటే. బింజ్ ఈటింగ్ డిజార్డర్.

అది ఆకలి కాదు. తిండిపోతుతనం అంతకన్నా కాదు. మొదలుపెడితే చెయ్యి మన మాట వినదు. కడుపు నొప్పి పుట్టేదాకా తింటాం. తర్వాత అద్దంలో మన మొహం మనకే చూడబుద్ధి కాదు. మర్నాడు పస్తు. ఆ పస్తు మళ్లీ అక్కడికే లాక్కొస్తుంది.

బరువు తగ్గాలని అక్క చెయ్యని డైట్ లేదు. జ్యూసులు, రాగిజావ, అన్నం బంద్. శనివారం ఒక్కపొద్దుని సోమవారం దాకా సాగదీసేది. స్వామి పేరు చెప్తే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు కదా.

ఆఖరికి ఏదో ఒక సాయంత్రం మగ్గాల గది వెనక నిలబడి దొరికింది దొరికినట్టు తినేసేది. ఆ మోతలో ప్యాకెట్ చింపే చప్పుడు ఎవరికీ వినపడదు.

ఒకరోజు కరెంటు పోయింది.

వీధిలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అక్క చేతిలో మిక్చర్ ప్యాకెట్ ఒక్కటే గరగరలాడింది. వాళ్ల అత్త వచ్చి చూసి, "ఒక్కపొద్దుండి ఇదేం పని మే" అంది.

ఈ కథ బస్సులో అక్కే చెప్పింది. నవ్వుతూ మొదలుపెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మా ఇంట్లో నేను అదే పని బాత్రూంలో కొళాయి తిప్పి చేసేదాన్ని.

ఆ వారమే తిరుపతిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. తర్వాత నన్నూ లాక్కెళ్లింది. డాక్టరమ్మ మొదట చెప్పింది ఒకటే. పస్తులు మానండి, టైముకి మూడు పూటలూ తినండి, బరువు సంగతి తర్వాత చూద్దాం.

మరి శనివారం? మొక్కు తప్పితే స్వామికి కోపం వస్తుందని వాళ్ల అత్త పట్టుబట్టింది.

అక్క వాదించలేదు. అత్తని వెంటబెట్టుకుని అలిపిరి నుంచి కొండెక్కింది. కూర్చుంటూ, లేస్తూ, మళ్లీ కూర్చుంటూ.

"దర్శనంలో ముందుకి తోసేలోపల సామికి చెప్పేసినాను మే. అందరూ తినకుండా ఉంటామని మొక్కుకుంటారు. నాకు టైముకి తినేదే కష్టం, అదే నా మొక్కు, ఒప్పుకో సామీ అన్నాను."

పక్కనే ఉన్న అత్త అంతా విన్నది. బయటికి వచ్చాక తనే అక్కకి ఇడ్లీ కొనిపెట్టింది.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని అబద్ధం చెప్పను. అక్క జారింది. నేనూ జారాను. కానీ మర్నాడు పొద్దున బస్సులో మాత్రం వదిలేది కాదు. "నిన్నటిది నిన్నతో పాయె. బాక్స్ తెరువు."

బరువు తగ్గింది, నత్తనడకన. వదులైన చుడీదార్లకి కుట్లు వేయించుకుని వచ్చి చూపించేది.

నిన్న వాళ్లింటి ముందు ఎవరో అన్నారు, "లావు మనిషి కదా, నోరు కట్టుకునుంటే బతికేది" అని.

నాకు ఒళ్లు మండింది. దోమ బరువు చూసి కుట్టదండీ అన్నాను. ఆమె ఎంత పోరాడిందో మీకు తెలీదు, తెలీనప్పుడు మాట్లాడకండి అన్నాను. చావింట్లో గొంతు పెంచానని నాకేం బాధ లేదు.

నిన్న శనివారం. అక్క కోసం వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. శవాన్ని ఎత్తేదాకా అక్కడ ఎవరూ ఏమీ తినరు.

మధ్యాహ్నం దాటింది. పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ లేదు. ఇలాగే ఇంటికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. వంటింటి తలుపు వేసుకుంటాను. ఇన్నాళ్లూ ఇద్దరం కష్టపడి నిలబెట్టుకున్నది ఒక్క సాయంత్రంలో పోతుంది.

బ్యాగులో బాక్స్ ఉంది. తియ్యడానికి చేతులు రాలేదు.

అక్క వాళ్ల అత్త నన్ను చూసింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. దగ్గరికి వచ్చి "తిన్నావా పాపా" అంది.

లేదని తల ఊపాను.

"తిను. అది ఉండుంటే అడిగుండేది" అని తనే బాక్స్ మూత తీసి పెట్టింది.

ఎదురింటి అరుగు మీద కూర్చుని తిన్నాను. అందరూ చూస్తుండగా, ఒక్క మగ్గం మోత కూడా లేకుండా. నా స్పూను చప్పుడు వీధి మొత్తానికీ వినపడి ఉంటుంది. వినపడనీ.

సాయంత్రం ఇంటికి వచ్చాక వంటింటి తలుపు తెరిచే ఉంచాను. రాత్రికి అందరితో కూర్చుని భోంచేశాను. ఏడుస్తూనే.

రేపు బస్సులో నీ సీటు ఖాళీగా ఉంటుంది. అయినా టైముకి బాక్స్ తెరుస్తాను. జారితే మర్నాడు మళ్లీ తెరుస్తాను.

హాయిగా ఉండు హేమక్కా. అక్కడ నిన్ను ఎవరూ కాటా ఎక్కమనరు.

నేను తిన్నాను.