నానమ్మకు నేను చూపిన దిక్కు

సాయంత్రపు ఎండ కిటికీలోంచి కార్పెట్ మీద పడితే నాకు నానమ్మే గుర్తొస్తుంది. ఎనభైల్లో మేం డెట్రాయిట్ పక్కన ఉండగా గుంటూరు నుంచి వచ్చింది. ఆమెకు నమాజు చాప పరిచే పని నాది. మన దేశంలో నమాజుకు తిరగాల్సిన మక్కా పడమరకే కదా, "పడమర ఎటే?" అని అడిగింది. పొద్దు గుంకే వైపు చూపించాను. మక్కా ఎక్కడికెళ్ళినా పడమరే అనుకున్నాను.

చలికాలం గడిచాక ఓరోజు మా అబ్బా, అంటే నాన్న, చూసి, "ఇక్కడ్నుంచి ఈశాన్యం కదమ్మా. తెలియక చదివింది చెల్లుతుందిలే" అన్నాడు. ఆమె మనసొప్పలేదు. ఆ మోకాళ్ళ నొప్పులతోనే అన్నీ మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. "తప్పు నాది నానమ్మా, సగం నేను చదువుతా."

"పిచ్చిదానా, నువ్వు తింటే నా కడుపు నిండుద్దా? ఎవరి నమాజు వాళ్ళే చదవాల."

మా ఆయన పోయాక ఆ మాట గుచ్చుకుంటోంది. తెల్లవారుజాము నమాజుకు లేపమని రోజూ చెప్పి పడుకునేవాడు. సెకండ్ షిఫ్ట్ చేసి అర్ధరాత్రి వచ్చాడని జాలిపడి నేను లేపేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన బదులు ఎన్ని చదివినా అవి నావే అవుతాయి.