పెళ్లి చదివింపుల్లాంటి నా రివ్యూ పేపర్

ఈ రోజు వనపర్తిలో మా కాలేజీకి మహా పండితుడిలా వెళ్లాను. బాటనీ పీజీ ఇంకా పూర్తి కాకముందే పల్లి పంటకు వచ్చే ఆకుమచ్చ తెగులు మీద రివ్యూ పేపర్ రాసేశాను మరి. ఎవరెవరు ఏం పరిశోధించారో అంతా అందులో పెట్టాను. పత్రికకు పంపడానికి కవరు మీద అడ్రసు కూడా రాసుకున్నాను.

మా లెక్చరర్ రజియా మేడం ఇరవై పేజీలూ ఓపికగా తిరగేసి నవ్వారు.

"ఆయన గిట్లన్నడు, ఈమె గట్లన్నది... పెండ్లిల మైకు పట్టుకొని చదివింపులు చదివినట్టున్నది బేటా. ముందుగాల విత్తితే తెగులు తగ్గుతదని ఒకాయన అంటుండు, తగ్గదని ఇంకొకాయన అంటుండు. ఎవరి మాట నిజం?"

"ఇద్దరూ పెద్దోళ్లే మేడం," అన్నాను.

"గందుకని ఇద్దరిదీ నిజమేనా? అసలు చదివినవా?"

నేను చదివింది మొదట్లో ఉండే సారాంశాలే. లైబ్రరీకి పోయి ఆ రెండు పేపర్లూ మొత్తం చదివాను. తగ్గుతుందన్నాయన చూసింది వానల మీద పండే చేను, తగ్గదన్నాయన చూసింది బోరు నీళ్లు పారే చేను; ఎవరి చేనులో వాళ్ల మాట నిజమే. ఆ తేడాను ఒక్క వాక్యంలో రాసి చూపించాను.

మేడం దాని కింద గీత గీసి, "నీ పేపరు గీడ మొదలైంది. ఇగ తక్కినదంతా గిట్లనే రాయి," అన్నారు.

ఇంటికొచ్చే నాగర్‌కర్నూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంటూ వచ్చాను. పేజీలన్నీ పోయి ఒక్క వాక్యం మిగిలినందుకు ఇంత సంబరపడినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా?