ఎర్ర పట్టీ లేని తుపాకీ

మా ఇంట్లో తాళాలగుత్తి మొదట చేతికందింది మా అన్న డానియల్‌కే. మా నాయిన బక్కయ్య రామన్నపేట దగ్గరి ఊళ్లో ఒకరి దగ్గర పాలేరుగా జీతమున్నాడు. తాళం వేసి దాచుకునేంత వస్తువు మాకెప్పుడూ లేదు. అన్న పోలీసుల్లో చేరి, తుపాకులు బాగుచేసే పని నేర్చుకుని, ఒక జిల్లా కేంద్రంలో ఆయుధాల గదికి బాధ్యుడయ్యాడు. సెలవులో వచ్చినప్పుడు కూడా ఆయన చెయ్యి నడుము దగ్గర ఆ గుత్తికోసం వెతుక్కునేది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు జిల్లాలు విడిపోయాయి. తుపాకులనూ పంచారు. అన్న గదికి చేరిన పంపు తుపాకులు చూడటానికి అన్నీ ఒకేలా ఉండేవి. అన్నీ పన్నెండు బోరువే, అంటే గొట్టం లావు ఒకటే. కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా ఎక్కుతుంది. కానీ తూటా కూర్చునే అర పొడవు పాతవాటిలో రెండు ముప్పావు అంగుళాలు, కొత్తవాటిలో మూడు.

"పొడుగు తూటా పొట్టి దాంట్ల పట్టదు గదనే, ఇంక భయమెందుకు?" అని అడిగాను ఒకసారి.

"పడుతది తమ్మీ. గదే మోసం," అన్నాడు. "తూటా మూతి లోపలికి మడిచి ఉంటది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుంటది. పొట్టి అరల దానికి జాగా ఏడున్నది? జోరంతా తుపాకీనే తంతది."

అందుకే పొట్టి అర తుపాకులకు గొట్టం మొదట్లో ఎర్ర రంగు పట్టీ వేశాడు. పట్టీ కనపడితే పొట్టి తూటాలే పెట్టాలి. అంతే.

ఆయనతో పనిచేసే ఎల్లేశం ప్రతి దసరాకూ ఆయుధపూజ చూసుకునేవాడు. చర్చికి వెళ్లే అన్న తుపాకులన్నీ తుడిచి, వరుసగా పేర్చి, పక్కకు జరిగి నిలబడేవాడు.

"ఏం పాస్టరూ, పులిహోర తినొద్దన్నడా మీ ఏసు?"

"నువ్వు కలిపింది తినొద్దన్నడు."

ఆ ఏడాది పూజకు పెద్ద సారు వస్తున్నాడన్నారు. ఎల్లేశం ఎర్ర పట్టీలు చూసి మొహం చిట్లించాడు.

"గీ రంగేందన్నా, దెబ్బకు కట్టు గట్టినట్టు? ఫొటోల మంచిగ కనవడది. జర తుడువు, పూజైనంక మల్ల ఏస్కో."

"ఒద్దురా."

"పండుగకు ఒక్కటి అడుగుతున్న. నాకోసం."

అన్న టర్పెంటైన్ గుడ్డ అందుకున్నాడు.

పండుగ మరునాడు రంగు డబ్బా తెరవకముందే తుపాకులు ప్రాక్టీసుకు పంపమని కబురొచ్చింది. అన్న గొట్టం మీది అచ్చు అంకెలు ఒక్కొక్కటీ చూసి రెండు వరుసలుగా వేరుచేశాడు. తొందరలో ఒక పాతది కొత్తవాటి వరుసలోకి పోయింది. ఏ తుపాకీనైనా ముందు తాను పేల్చి చూశాకే కొత్త కానిస్టేబుళ్ల చేతికివ్వడం ఆయన పద్ధతి. వాళ్లను ఆ పద్ధతే కాపాడింది. పొడుగు తూటా పెట్టి పేల్చగానే అరిగిన గొట్టం అర దగ్గర చీలి, పిడి పట్టుకున్న అన్న ఎడమచేతి రెండు వేళ్లను తీసుకుపోయింది.

విచారణలో రంగు ఎవరు తుడవమన్నారని అడిగారు.

"ఎవ్వరు అనలే సార్. నేనే తుడిచిన."

ఎల్లేశం అక్కడే ఉన్నాడు. అతని ప్రమోషన్ దగ్గరపడింది. నేలచూపులు చూశాడు.

అన్న దగ్గర తాళాలు తీసుకుని గేటు డ్యూటీ వేశారు. వదిన ఎస్తేరు ఏడ్చింది. "వాని పేరు ఒక్కసారి చెప్తే ఏం పోయేది?"

"తుడిచింది వాని నోరా, నా చెయ్యా?" అన్నాడు అన్న. మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

కానీ ఎల్లేశం వస్తాడని ఎదురుచూశాడు. నాకు తెలుసు. గేటు దగ్గర ఏ బండి నెమ్మదించినా తల ఎత్తేవాడు. ఎల్లేశం వెనక గేటు నుంచి రాకపోకలు మొదలుపెట్టాడు. రెండో ఏడు అన్న ఆ గేటు దగ్గరి కుర్చీలోనే గుండె ఆగి పోయాడు.

సమాధి దగ్గర మట్టి వేస్తుండగా ఎల్లేశం యూనిఫాంలోనే వచ్చి గోడ అవతల నిలబడ్డాడు. వదిన చూసి రమ్మని చెయ్యి ఊపింది.

"చెప్పాల్ననే అనుకున్న వదినా. రేపు చెప్త, రేపు చెప్త అనుకుంట..."

"ఇగ ఎవరికి చెప్తవ్ ఎల్లేశం? మట్టెయ్యి."

అతను వంగాడు. నడుముకున్న ఆయుధాల గది తాళాలగుత్తి గల్లుమంది. చప్పున ఒక చేత్తో దాన్ని గట్టిగా అదిమిపట్టి, రెండో చేత్తో మట్టి తీశాడు.