చేత్తో తిప్పి చూసిన చక్రం

మా అన్నయ్యని పరీక్షలో తప్పించింది నేనే. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. తను విని, "కంపెనీ రూల్సు కదండీ, మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. అలా అంటుందని తెలిసే చెప్పానేమో.

మాది కొవ్వూరు. రైలు గేటు దాటాక సందు మొదట్లో మా నాన్నగారి సైకిల్ షాపు ఉండేది. ఆయన పోయేనాటికి అన్నయ్య ఏడో తరగతి. మర్నాటి నుంచి బడికి వెళ్లలేదు, షాపులో కూర్చున్నాడు. నా స్కూలు ఫీజులూ, కాలేజీ ఫీజులూ, హాస్టలూ, అన్నీ ఆ పంక్చర్ల మీదే నడిచాయి. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి రాజమండ్రిలో ఒక ఐటీఐలో ఇన్‌స్ట్రక్టర్‌నయ్యాను. నలుగురూ సార్ సార్ అంటుంటే పెద్ద మొనగాణ్ణనుకునేవాణ్ణి.

అన్నయ్య పనితనం గురించి కాస్త చెప్పాలి. సైకిల్లో ఎక్కడో కిర్రుమంటోందని ఎవరైనా తీసుకొస్తే ఎక్కడ అని అడిగేవాడు కాదు. హ్యాండిల్ పట్టుకుని నాలుగడుగులు నడిపించి, స్టాండు వేసి, చక్రాన్ని గాల్లో ఒకసారి తిప్పేవాడు. తల పక్కకి వంచి వినేవాడు. లోపల బేరింగులో ఒక బాల్ పగిలిందనో, దాన్ని పట్టి ఉంచే కోన్ ఎక్కువ బిగిసిందనో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. పానా పట్టుకోకముందే సగం పని అయిపోయేది. వంకరపోయిన రిమ్ముని సరిచేసేటప్పుడు కూడా చూపు రోడ్డు మీదే ఉండేది, వేలు మాత్రం రిమ్ము పక్కన ఉండేది.

తొంభైల్లో మా షాపు ముందు అద్దె సైకిళ్లు బారుగా ఉండేవి. తర్వాత జనం వాయిదాల మీద మోటారు సైకిళ్లు కొనడం మొదలెట్టారు. అద్దె సైకిళ్లు తుప్పు పట్టి పాత ఇనుముకి పోయాయి. చివరికి షాపుకి వచ్చేవి బడి పిల్లల సైకిళ్లూ, పాలవాళ్ల సైకిళ్లూ. వదిన ఇంట్లో మిషన్ కుట్టడం మొదలెట్టింది. అన్నయ్య మాత్రం ఏనాడూ నా దగ్గర నోరు విప్పి ఇబ్బంది అనలేదు.

అలాంటి రోజుల్లో కరెంటు బళ్లు వచ్చాయి. పెట్రోలు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, రాత్రి ప్లగ్గులో పెడితే పొద్దున్నకి తయారు. రాజమండ్రిలో ఒక డీలరు షోరూం తెరిచాడు. ఆ కంపెనీ వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి సైకిల్ మెకానిక్‌లని పిలిచి ఐదు రోజులు ట్రైనింగ్ ఇచ్చి, పాసైనవాళ్లలో ఊరికొకరికి సర్వీస్ సెంటర్ బోర్డు ఇస్తామన్నారు. తెలుగులో పాఠం చెప్పడానికి ఎలక్ట్రికల్ మనిషి కావాలని నన్నడిగారు. నేను ఎగిరి గంతేశాను. అప్పటిదాకా ఆ బండి మూత తీసి చూసిన పాపాన పోలేదు. వాళ్లిచ్చిన పుస్తకాన్ని వారం రోజులు బట్టీ పట్టాను. అంటే నేర్చుకోవడానికొచ్చిన వాళ్లకంటే మాస్టారు వారం రోజులు ముందు, అంతే.

అన్నయ్యకి చెప్పింది నేనే, పేరు రాయించింది నేనే. కొవ్వూరు బోర్డు తనకే వస్తుందని గట్టిగా నమ్మాడు. షాపుకి సున్నం వేయించాడు. బోర్డు ఎక్కడ తగిలించాలో గోడ మీద సుద్దముక్కతో గీత కూడా గీశాడని వదిన నవ్వుతూ చెప్పింది.

మొదటిరోజు పొద్దున్నే గోదావరి వంతెన మీదుగా సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. షోరూం ఎదురుగా టీ కొట్టు దగ్గర నన్నాపి, "అక్కడ అన్నయ్యా అనకురా. తమ్ముడు కాబట్టి పాస్ చేశాడంటారు. నీకు మాటొస్తుంది" అన్నాడు. నేను అదేంటన్నయ్యా అని పైకి అన్నాను గానీ, లోపల హాయిగా అనిపించింది. ఎందుకు దాచడం, చాలా హాయిగా అనిపించింది. గ్రీజు మరకల చొక్కాతో ఉన్న మనిషిని కంపెనీ ఇంజనీరు ముందు ఎలా పరిచయం చెయ్యాలా అని నేను ముందురోజు నుంచీ ఆలోచిస్తున్నాను మరి.

షోరూం వెనక రేకుల షెడ్డులో పద్నాలుగు మంది కూర్చున్నారు. అన్నయ్య చివరి బల్ల మీద, పొడుగు నోట్‌బుక్కు పెట్టుకుని. నేను చాక్‌పీసు పట్టుకుని బ్యాటరీ ఇది, మోటారు వెనక చక్రంలోనే ఉంటుంది, మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చెప్పే డబ్బా ఇది, దీన్ని కంట్రోలర్ అంటారు అని బొమ్మలు వేసి చెప్పాను. ఏది పాడైనా మీటరు పెట్టి చూడాలి, అందులో కనిపించిన అంకె ఈ కాగితంలో గడిలో రాయాలి, గడులన్నీ నిండాక లోపం తెలుస్తుంది. ఇదీ పుస్తకంలో ఉన్న పద్ధతి.

రెండోరోజు అన్నయ్య లేచి నిలబడ్డాడు. "సార్, కరెంటు లేనప్పుడు ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే ఏమన్నా తెలుస్తుందాండి?" అన్నాడు.

పుస్తకంలో ఆ ముక్క లేదు. తెలియదని చెప్పడానికి నాకు నామోషీ. చేత్తో తెలిసే రోజులు పోయాయండీ, ఇక మీటరు చెప్పిందే వేదం అని పెద్ద పండితుడిలా చెప్పాను. అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వి, ఆయ్, అలాగేనండి అని కూర్చున్నాడు. కానీ మధ్యాహ్నం మిగతావాళ్లు క్యారేజీలు విప్పుకుంటే తను మాత్రం బండి దగ్గర గొంతుక్కూర్చుని చక్రం తిప్పుతూ ఉండేవాడు. ఒక ప్లగ్గు పీకడం, తిప్పడం, మళ్లీ పెట్టడం, తిప్పడం. నేను ఇంజనీరుతో కలిసి హోటలుకి భోజనానికి వెళుతూ చూసేవాణ్ణి. చిరాకేసేది. ఆ మీటరు నేర్చుకోవచ్చు కదా, నా పరువు తీస్తాడేంటి అనుకునేవాణ్ణి.

మీటరులో అంకెలు తనకి సరిగ్గా ఆనడం లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. నలభై దాటిన మనిషి, కళ్లజోడు లేదు, కాగితం మీద గడుల పైనంతా ఇంగ్లీషు. ఇంట్లోవాణ్ణి నాకు తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది?

మూడోరోజు ఇంజనీరు నన్నడిగాడు, ఆ వెనక కూర్చునే ఆయన మీ బంధువా, పోలికలున్నాయి అని. "కాదండి, మా ఊరాయన" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. వెనక్కి తిరిగితే అన్నయ్య రెండడుగుల దూరంలో చక్రం నట్లు బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు. అనొద్దన్నది తనే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అన్నయ్యా అని పిలవొద్దన్నాడు గానీ, అన్నయ్య కాదని చెప్పమనలేదు.

ఐదోరోజు పరీక్ష. ఒకే బండి. ఎక్సలేటర్ తీగ ప్లగ్గు ఊడదీసి పెట్టాను. ఒక్కొక్కరూ వచ్చి మీటరుతో వరసగా చూసుకుంటూ ఆ లోపం పట్టుకోవాలి, గడులు నింపాలి. షెడ్డులో బండి నడపకూడదన్నారు కాబట్టి ప్లగ్గు తిరిగి పెట్టి చూసేది లేదు. పొద్దుటి నుంచి పదమూడు మంది చేతులు పడ్డాయి దాని మీద. ఎవరు ఏ తీగకి మీటరు పుల్ల తగిలించారో దేవుడికే తెలియాలి.

చివర అన్నయ్య వచ్చాడు. మీటరు ముట్టుకోలేదు. స్టాండు వేసి, వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. తల పక్కకి వంచాడు. మోటారు నుంచి డబ్బాకి వెళ్లే ప్లగ్గు పీకి మళ్లీ తిప్పాడు. చక్రం గిర్రున తిరిగింది. ప్లగ్గు పెట్టి ఇంకోసారి తిప్పాడు. చక్రం ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు బరువుగా కదిలింది. నాకూ కనిపించింది. చూస్తూనే ఉన్నాను.

"సార్, ఎక్సలేటర్ తీగ ఊడిందండి, అది కనపడుతూనే ఉంది. కానీ అది తగిలించినా బండి కదలదండి. డబ్బా పోయింది" అన్నాడు.

ఇంజనీరు నా వంక చూశాడు. కాగితంలో గడులన్నీ ఖాళీ. ఒక్క నిమిషం పని. ఆ తీగ తగిలించి, తాళం తిప్పి చూస్తే అన్నయ్య మాట నిజమో అబద్ధమో అక్కడే తేలిపోయేది. షెడ్డులో నడపకూడదంటే బయటికి తోసుకెళ్లి చూడొచ్చు. నేను చూడలేదు. "చేత్తో తిప్పి కరెంటు సంగతి చెప్పేస్తారా? గడులు నింపకుండా మార్కులు ఎలా వెయ్యమంటారు?" అన్నాను. మళ్లీ నవ్వులు. కాగితం మీద సున్నా చుట్టాను. నా చేత్తోనే.

ఇంకేమన్నా అంటాడేమో అనుకున్నాను. సరేనండి అన్నాడు. నోట్‌బుక్కు చంకలో పెట్టుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే కంపెనీ వ్యాను ఆ బండిని ఎక్కించుకుని పోయింది.

కొవ్వూరు బోర్డు మెయిన్‌రోడ్డు మీద ఇంకొకాయన షాపుకి వెళ్లింది. పది రోజులాగి మొహం గట్టి చేసుకుని ఇంటికి వెళ్లాను. రూల్సూ, కంపెనీ వాళ్ల పట్టుదలా అంటూ ఏదో వాగాను. అన్నయ్య వింటూ, వీడికి కాఫీ ఇయ్యి అని వదినతో అనలేదు గానీ, తనే లేచి వెళ్లి తెచ్చిచ్చాడు. గోడ మీద సుద్దగీత చెరిపేసి ఉంది. ఆ రోజు నుంచి తను నాతో మాట్లాడటం మానలేదు. పండక్కి పిలిచేవాడు, పిల్లలకి జ్వరమొస్తే ఫోన్ చేసేవాడు. కానీ బండి గురించీ చక్రం గురించీ నా దగ్గర ఎత్తలేదు. అంతకుముందు మా ఇద్దరికీ వేరే మాటే ఉండేది కాదు.

ఏడాది తిరక్కుండా షాపు మూసేసి, ఊరి చివర పెట్రోలు బంకులో టైర్లకి గాలి పట్టే పనికి కుదిరాడు. అటు చూస్తే ఆ కంపెనీ కూడా ఎక్కువ కాలం నిలబడలేదు. విడిభాగాలు రావడం మానేశాయి, డీలరు షోరూం ఎత్తేశాడు, బోర్డు తీసుకున్నాయన నెత్తీనోరూ కొట్టుకున్నాడు. చూశావా, అన్నయ్యకి ఆ పీడ తప్పింది, ఒకరకంగా మంచే చేశాను అనుకున్నాను. అనుకోవడానికి సిగ్గుండాలి. ఉంటే కదా.

ఆ పరీక్ష జరిగి మూడేళ్లు గడిచాయి. మా ఐటీఐలో పనిచేసే ఒక మేడమ్ తన కరెంటు బండి ఆగిపోయిందని, సర్వీస్ చేసేవాళ్లే లేరని, ట్రైనింగ్ ఇచ్చింది మీరే కదా అని నా దగ్గర పెట్టించారు. స్టాండు వేసి జరుపుతుంటే వెనక చక్రం చేతికి తగిలి తిరిగింది. బరువుగా తిరిగింది, ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు.

మోటారు ప్లగ్గు పీకి తిప్పాను. గిర్రున తిరిగింది. ప్లగ్గు పెట్టాను. బరువు. డబ్బా విప్పితే లోపల మాడి నల్లగా అయిపోయి ఉంది. డబ్బా మాడితే చక్రాన్ని అలా పట్టేస్తుందన్నమాట. ఏ పుస్తకం చెప్పకుండా, ఏ మాస్టారూ నేర్పకుండా, మూడు మధ్యాహ్నాలు అన్నం మాని కూర్చుని ఆ మనిషి కనిపెట్టిన విద్యకి నేను వేసింది సున్నా.

మర్నాడు ఆదివారం. బంకుకి వెళ్లాను. పదింటికే ఎండ మాడిపోతోంది. అన్నయ్య ఖాకీ చొక్కాలో ఒక లారీ టైరుకి గాలి పడుతున్నాడు. నన్ను చూసి, టిఫిన్ చేశావా అన్నాడు. నేను నేరుగా చెప్పేశాను, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం, డబ్బా పోయింది అని.

"పోయిందిరా. చెప్పాను కదా" అన్నాడు, గొట్టం తీస్తూ.

"నాకు తెలీదన్నయ్యా. నిన్ననే తెలిసింది."

గొట్టం పట్టుకున్న చెయ్యి ఆగింది. నా మొహంలోకి చూశాడు. మూడేళ్లలో తను నన్ను అంత సూటిగా చూడటం అదే మొదటిసారి.

"తెలీదా నీకు?"

"తెలీదు."

"తెలిసే చేశావనుకున్నాన్రా ఇన్నాళ్లూ. నేను మీ అన్నయ్యనని నలుగురికీ తెలిసిపోతుందని, కావాలనే చేశావనుకున్నాను" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చొక్కా చేతితో తుడుచుకుని నవ్వాడు. నిజంగానే నవ్వాడు. పక్కన పెట్రోలు కొట్టే ఆయన్ని పిలిచి, మా తమ్ముడండి, రాజమండ్రిలో మాస్టారు అని చెప్పాడు.

ఒక్కసారి అడిగి ఉండొచ్చు కదన్నయ్యా, మూడేళ్లు మనసులో పెట్టుకుంటావా అన్నాను.

"అడిగితే అవునంటావేమోనని భయమేసిందిరా" అన్నాడు.

డబ్బా పోయిందని ఆ రోజు నాకు తెలియని మాట నిజమే. కానీ ఆ తీగ తగిలించి చూడనిది, టైము లేక కాదు, ఇంజనీరుకి జడిసీ కాదు. అన్నయ్య చెప్పింది నిజమవుతుందేమోనని. నిజమైతే ఏడో తరగతి చదివిన మనిషి ముందు నేను అందరిలో చిన్నవాణ్ణయిపోతానని. అది చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పద, మీ వదినకి చెబుదాం, మావాడికి తెలియదట అని చెబితే తనెంత సంతోషపడుతుందో అన్నాడు. నేను నోరు మూసుకుని వెనకాలే నడిచాను.