మగ్గం గుంటలో లేని జెర్రి

ఆదోని కోట చూడాలని ఎమ్మిగనూరులో అక్క ఇంటికి వచ్చాను. ఉదయం తొమ్మిదికి సంచి సర్దుకుంటుంటే, అక్క కొడుకు, నాలుగేళ్ల చిన్ను, ఒంటికి పోయలేక ఏడుస్తున్నాడు. ఒంటికి పోసే చోట చివర బాగా వాచింది. "గుంటలో ఆడుకున్యాడు, జెర్రి కుట్టింటాది" అంది అక్క. వాళ్లది నేత ఇల్లు. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో పురుగులు చేరడం మామూలే. అక్క అత్తగారు నేత ఆపి, చీపురు పట్టుకుని గుంటలోకి దిగింది.

దగ్గరి ఆసుపత్రిలో ఆ పూట సర్జన్ లేరు, ఆదోనికి పొమ్మన్నారు. బస్సు కోసం ఆగకుండా ఆటో మాట్లాడుకున్నాం. గంట దారి. డ్రైవర్ అద్దంలోంచి చూస్తూ, "ఏమాయె బిడ్డకు?" అన్నాడు.

"జెర్రి."

"జెర్రా? యాడ కుట్టింది? కాటు కనపడ్తాందా?"

అక్క కొంగు కప్పేసింది. కాటు నాకూ కనపడలేదు. వాపు వెనక చర్మం దారం చుట్టినట్టు బిగిసి ఉంది. "నాకు తెలిసిన ఆస్పత్రికి తీస్కపోతా" అన్నాడు. నేను నమ్మలేదు. పెద్దాసుపత్రికే పోనిమ్మన్నాను.

డాక్టరు చూడగానే, "జెర్రి కాదమ్మా. ముందు తోలు ఎనక్కి పోయి ఇరుక్కున్యాది. ఆలస్యమైతే ఆ కొనకు రక్తం అందదు" అన్నారు.

"కోస్తారా?" అన్నాను.

"ముందు చేత్తో చూస్తా."

మొద్దుబారే జెల్ రాసి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, వాపును చాలాసేపు మెల్లగా నొక్కి పట్టారు. వాపు తగ్గాక చర్మాన్ని ముందుకు జరిపారు. చిన్ను ఒక్క కేక పెట్టి ఊరుకున్నాడు. నేను వాడి చేతులు వదల్లేదు.

"పొద్దున నీళ్లు ఎవరు పోసినారు?" అన్నారు డాక్టరు.

"మా అత్త" అంది అక్క. నేనూ ఆవిడనే అనుమానించాను.

అప్పుడే అత్తగారి ఫోను. ఆవిడ గొంతు గదంతా వినిపించింది. "గుంటంతా ఎతికినా, జెర్రి యాడా లేదు. పొద్దున నువ్వు నీళ్లు పోసేటప్పుడు ఏమన్నా కనపడిందేమే?"

అక్క గోడకు ఆనుకుంది. "అత్తా, పైకి రా. జెర్రి లేదు. కడిగేదానికి నేనే ఎనక్కి లాగినా. మళ్లీ ముందుకు తేలేదు."

"బిడ్డ ఒంటికి పోసినాడా?" అంది అత్తగారు.

పోశాడు. నేను కోట చూడలేదు. తిరుగు దారంతా నేను అక్కను చూస్తున్నాను, అక్క చిన్నును చూస్తోంది. మీ ఇంట్లో చిన్న మగపిల్లలుంటే ఆ చర్మాన్ని బలవంతంగా లాగకండి. వెనక్కి పోయి ముందుకు రాకపోతే కారణం వెతుకుతూ కూర్చోకండి. సర్జన్ ఉన్నారో లేదో ఫోన్‌లో కనుక్కుంటూనే బయల్దేరండి. పొద్దున ఏం జరిగిందో దాచకుండా చెప్పండి.